ముట్టుకోవద్దన్న పెట్టె



కొంచెం పెద్ద పోస్టు. తీరిక ఉన్నప్పుడు చదవండి గానీ చివరిదాకా చదవండి. మా ఊళ్ళో కంప్యూటర్ ఆన్ అవ్వడం మానేసింది, మేమే కష్టపడి బాగుచేసుకున్నాం. విషయం అంతే. దానికింత రాయాలా అంటారేమో. ఆ పెట్టెలో మా కొండ కాగితాలున్నాయి, అందుకే రాస్తున్నాం.

మాది పాడేరు మన్యంలో డెబ్బై గడపల ఊరు. మా ఊరి అన్నయ్య ఒకాయన విశాఖలో ఒక ఆఫీసులో పని చేసేవాడు. అక్కడ పాత కంప్యూటర్లు తీసేస్తుంటే 3,500 రూపాయలిచ్చి ఒకటి కొన్నాడు. దాన్ని దుప్పట్లో చుట్టి, జీపు టాప్ మీద కట్టి తెచ్చాడు. పాత అంగన్‌వాడీ గది ఖాళీగా ఉంటే అందులో పెట్టాం. ఉద్యోగాల నోటిఫికేషన్లు, స్కాలర్‌షిప్ ఫారాలు, కుల ధ్రువపత్రాల స్కాన్లు అన్నీ దాని మీదే. చిన్నపిల్లలు వచ్చి బొమ్మలు గీసుకునేవారు. పేరుకి పాతదే గానీ ఊరికది ఒక పెద్దదిక్కు.

అసలు పని మాత్రం అటవీ హక్కులది. 2006 చట్టం కింద ఊరి మొత్తానికి ఫారం-బి పెట్టాం. గెడ్డ నీళ్ళు, పశువుల మేత, అడ్డాకులు, చీపురు గడ్డి, చింతపండు, కరక్కాయ, ఇవన్నీ మా తాతల నాటి నుంచి మేం వాడుకుంటున్న కొండవే అని. గ్రామసభ తీర్మానం చేసింది. పెద్దలు 14 మంది వాంగ్మూలాలు ఇచ్చారు. పెద్దల మాటని రాతలో పెడితే అది కూడా సాక్ష్యమే అని నిబంధనల్లోనే ఉంది, ఈ విషయం మనలో చాలామందికి తెలీదు. హద్దులు నడిచి ఫోన్‌తో ఫోటోలు తీసాం. అన్నీ ఆ కంప్యూటర్లో పెట్టి, ప్రింట్లు తీసి, సంతకాలు, వేలిముద్రలు వేయించి, మళ్ళీ స్కాన్ చేసి, అసలు కాగితాలు ఆఫీసులో ఇచ్చాం.

సబ్ డివిజన్ కమిటీ దగ్గర అది ఆగిపోయింది. ఆధారాలు చాలవన్నారు. వాళ్ళ నిర్ణయం మీద జిల్లా కమిటీకి అప్పీలు చేసుకోవచ్చు, కానీ 60 రోజుల్లోపు. కాగితం కొండెక్కి మా చేతికొచ్చేసరికే 31 రోజులు అయిపోయాయి. పెద్దల్ని కూర్చోబెట్టి, గ్రామసభ పెట్టి, అప్పీలు రాసుకునేసరికి ఇంకో 12 రోజులు. మిగిలినవి 17.

సరిగ్గా అప్పుడే కంప్యూటర్ చచ్చింది.

ఆ రాత్రి పెద్ద వాన. ఉరుములు. కరెంటు పోతూ వస్తూ ఉంది. తెల్లారి బటన్ నొక్కితే లోపల ఫ్యాన్ తిరుగుతోంది, లైటు వెలుగుతోంది, మానిటర్ మీద మాత్రం ఏమీ లేదు. నల్లగా ఉంది. పది సార్లు నొక్కాం. తట్టాం. ఒకడు దండం కూడా పెట్టాడు.

ఇక్కడ మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఇన్ని కాగితాలకి ఇంకో కాపీ లేదు. పెన్ డ్రైవ్ ఉండేది. దాన్ని పెళ్ళిలో థింసా పాటలు వేయడానికి ఎవరో అడిగితే, అన్నీ చెరిపేసి ఇచ్చేశాం. జిరాక్సులు పంచాయతీ బీరువాలో పెడితే చెదలు తినేశాయి. ఆఫీసులో మా కాగితాల నకళ్ళ కోసం ఆర్టీఐ పెడదామంటే దానికి గడువే 30 రోజులు. మాకున్నవి 17.

ఇంకొక సంగతి. ఆ 14 మందిలో ఒక అవ్వ సంక్రాంతి తర్వాత చనిపోయింది. పాత ఊరి దిబ్బ ఎక్కడుంది, ఏ చింతచెట్టు ఏ కుటుంబం నాటింది, కలరా వచ్చినప్పుడు ఊరు ఎటు కదిలింది, అన్నీ వరసగా చెప్పింది ఆ అవ్వే. మిగతా పెద్దలవి మళ్ళీ రాయించుకోవచ్చు. ఆమెది రాయించుకోలేం. ఆమె వేలిముద్ర ఉన్న కాగితం ఆఫీసులో ఉంది, దాని స్కాన్ ఈ పెట్టెలో ఉంది. మూడో చోట ఎక్కడా లేదు.

కంప్యూటర్‌ని మళ్ళీ దుప్పట్లో చుట్టి, జీపెక్కి టౌనుకి పోయాం. షాపతను ఆన్ చేశాడు, రెండు నిమిషాలు చూశాడు. "మదర్‌బోర్డు పోయింది. 6,500 అవుద్ది. ఇంత పాతదానికి ఎందుకు, కొత్తది కొనుక్కోండి. డేటా గ్యారంటీ ఇవ్వను" అన్నాడు. ఆ తర్వాత మా వైపు చూసి అడిగాడు, "దీన్ని ఎవరు ముట్టుకున్నారు?"

మాలో ఒక్కరూ మాట్లాడలేదు. తలలు దించుకున్నాం. ఎందుకు దించుకున్నామో తిరిగొచ్చేటప్పుడు జీపులో మాట్లాడుకున్నాం.

మేం చదివిన హాస్టల్ స్కూల్లో కంప్యూటర్ గది ఉండేది. తాళం వేసి ఉండేది. ఎవరైనా పెద్ద సారు తనిఖీకి వస్తున్నారంటే తెరిచేవారు. మేం నేల తుడిచేవాళ్ళం, కవర్ల మీద దుమ్ము దులిపేవాళ్ళం. చేతులు కట్టుకుని వరసలో నిలబడేవాళ్ళం. "దూరంగా ఉండండి, ముట్టుకోవద్దు, పాడైతే మీ అమ్మానాన్నలు కట్టగలరా" అనేవారు. పరీక్షలో మాత్రం సీపీయూ కంప్యూటర్‌కి మెదడు లాంటిది అని రాసి మార్కులు తెచ్చుకున్నాం. ఆ మెదడు మొహం ఎలా ఉంటుందో చూడకుండానే రాశాం.

అందుకే షాపతను అడగ్గానే మేమేదో తప్పు చేసినట్టు అనిపించింది. అతన్ని తిట్టడానికి ఇది రాయట్లేదు. అతనికి రోజుకి ఎన్నో పెట్టెలు వస్తాయి, పాతదాన్ని చూస్తే అదే మాట నోటికొస్తుంది. కానీ ఆ రోజు ఆ మాట నమ్మేసి ఇంటికొచ్చేశాం. 6,500 మా దగ్గర లేవు. మిగిలిన రోజులు 15.

ఊళ్ళో ఆ వారమే గ్రావిటీ నీళ్ళు కూడా ఆగాయి. కొండ మీద ఊట దగ్గర తొట్టి, అక్కడి నుంచి పైపులు, ఊళ్ళో కుళాయిలు. మన మన్యంలో చాలా ఊళ్ళకి అదే కదా. మేం అంగన్‌వాడీ గుమ్మం దగ్గర దిగాలుగా కూర్చుంటే తాత ఒకాయన పైపు ముక్క, రంపం బ్లేడు పట్టుకుని పోతూ ఆగాడు. సంగతి చెప్పాం.

"ఒరే గుంటల్లారా, కుళాయి కాడ కూకుని ఏడిస్తే నీరొస్తాదేటి? నీరు ఎక్కడిదాకా వచ్చి ఆగిపోనాదో చూడండి ముందు. అక్కడిదాకా బాగున్నట్టే కదా. ఆ తరవాతదే పాడు" అన్నాడు. అని తన పని మీద తను పోయాడు.

తాతకి కంప్యూటర్ గురించి ఏమీ తెలీదు. మాకు తెలిసిన వాళ్ళెవరూ అంతకంటే బాగా చెప్పలేదు.

మాలో ఒక చెల్లి ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చేసింది. ఆమె దగ్గర టెస్టర్, మల్టీమీటర్ ఉన్నాయి. ఇంకొకడు డిగ్రీ, ఇద్దరు ఇంటర్ తప్పి కాఫీ తోటల పనికి పోయేవాళ్ళు. అందరం కలిసి ఒక నోటుబుక్కు పెట్టాం. చెల్లి మూడు షరతులు పెట్టింది. ఒకటి, ఏది తీసినా ఏది పెట్టినా బుక్కులో రాయాలి. రెండు, ఒకసారికి ఒక్కటే మార్చాలి. మూడు, మూత లోపల చెయ్యి పెట్టేముందు గోడ ప్లగ్గు పీకేయాలి, ఆన్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుని లోపలి కరెంటు ఖాళీ చేయాలి, పెట్టె ఇనుముని ముట్టుకుని అప్పుడు మొదలెట్టాలి. మన ఒంట్లో పుట్టే చిన్న కరెంటు మనకి తెలీకుండానే బోర్డు మీది చిప్పుల్ని చంపేస్తుందంట.

మొదటి రాత్రి.

జీపులో పోయి వచ్చాక దాని పరిస్థితి ఇంకా పాడైంది. ముందు ఫ్యాన్ అయినా తిరిగేది, ఇప్పుడు అదీ లేదు. షాపతను అన్నది నిజమేనేమో, బోర్డు పూర్తిగా పోయిందేమో అనుకున్నాం. సరే, తాత చెప్పినట్టు ఊట దగ్గర నుంచి మొదలెట్టాం.

గోడ సాకెట్‌లో మీటర్ పెడితే 170 వోల్టులు చూపించింది. ఉండాల్సింది 230. సాయంత్రం పూట పిండిమర, టీవీలు అన్నీ నడుస్తాయి కదా. తొమ్మిది దాటాక 210కి వచ్చింది. అప్పటి నుంచి రోజూ తొమ్మిది తర్వాతే పని. ఎక్స్‌టెన్షన్ బోర్డు చూశాం, బాగుంది. కంప్యూటర్ తీగ తీసి మానిటర్ తీగ పెట్టి చూశాం, రెండూ ఒకే రకం. తీగ బాగుంది. ఇక్కడిదాకా నీళ్ళు వస్తున్నాయి.

అప్పుడు మూత విప్పాం. మా జీవితంలో మొదటిసారి.

లోపల వేలెడు దుమ్ము. మూల బల్లి గుడ్లు. ఫ్యాన్ రెక్కల మధ్య కందిరీగ కట్టుకున్న మట్టి గూడు. అందరం నవ్వేశాం. ఇన్నాళ్ళూ మేం భయపడ్డ పెట్టెలో మా ఇంటి చూరులో ఉన్నవే ఉన్నాయి. నోటితో ఊదబోతే చెల్లి ఆపింది, ఉమ్మి తడి పడుతుందని. కొత్త పెయింటు బ్రష్షు తెచ్చి మెల్లగా దులిపాం.

గోడ కరెంటు ముందు వచ్చేది ఎస్‌ఎంపీఎస్ అనే ఇనుప డబ్బాకి. అది 230ని 12, 5, 3.3 వోల్టులుగా విడగొట్టి అన్నింటికీ పంచుతుంది. మా వాడొకడు దాన్ని విప్పుదామని స్క్రూడ్రైవర్ పెట్టాడు. చెల్లి వాడి చేతి మీద ఒక్కటి కొట్టింది. ప్లగ్గు పీకేసినా అందులో కరెంటు నిలవ ఉంటుంది, ఆ డబ్బాని మాత్రం ఎవరూ విప్పకూడదు. విప్పకుండా పరీక్షించే దారి ఉంది. దాని నుంచి బోర్డుకి పోయే పెద్ద 24 పిన్నుల ప్లగ్గు ఊడదీసి, అందులో ఆకుపచ్చ తీగ ఉన్న పిన్నునీ ఏదో ఒక నల్ల తీగ పిన్నునీ చిన్న తీగ ముక్కతో కలిపి, అప్పుడు గోడ స్విచ్చి వేయాలి. వేశాం. దాని ఫ్యాన్ తిరిగింది. మీటర్‌తో చూస్తే పసుపు తీగలో 12, ఎర్ర తీగలో 5, నారింజ తీగలో 3.3 దగ్గర దగ్గరగా వచ్చాయి. ఇక్కడిదాకా కూడా నీళ్ళు వస్తున్నాయి.

మరి తర్వాతది? ముందు బటన్ నుంచి బోర్డుకి సన్నటి తీగలు రెండు పోతాయి. చూస్తే అవి ఊడి గాల్లో వేలాడుతున్నాయి. జీపు కుదుపులకి ఊడిపోయాయి. బోర్డు మీద చీమ తలకాయంత అక్షరాలతో ఎక్కడ పెట్టాలో రాసి ఉంది. ఫోన్ లైటు వేసి చూసి పెట్టాం. బటన్ నొక్కాం. ఫ్యాన్ తిరిగింది.

స్క్రీన్ ఇంకా నల్లగానే ఉంది. కానీ మొదటి రోజు ఎక్కడున్నామో అక్కడికి వచ్చాం. బాగుచేయించడానికి తీసుకెళ్ళి మేమే తెచ్చుకున్న కొత్త జబ్బు ఒకటి పోయింది. ఆ రాత్రి బుక్కులో "ఎస్‌ఎంపీఎస్ మంచిది, బటన్ మంచిది" అని రాసుకుని పడుకున్నాం.

రెండో రాత్రి.

ముందు మానిటర్ సంగతి తేల్చాం. డిగ్రీ వాడి ఫ్రెండు పక్క ఊళ్ళో ల్యాప్‌టాప్ తెచ్చుకున్నాడు, దానికి తగిలిస్తే బొమ్మ వచ్చింది. మానిటర్ మంచిది, కేబుల్ మంచిది. అంటే లోపలే.

తర్వాత అవసరం లేనివన్నీ పీకేశాం. సీడీ డ్రైవ్, కీబోర్డు, మౌస్, ఆఖరికి హార్డ్ డిస్క్ తీగలు కూడా. బోర్డు, ప్రాసెసర్, ర్యామ్, ఎస్‌ఎంపీఎస్ ఉంటే చాలు, స్క్రీన్ మీద ఏదో ఒకటి రావాలి. రాలేదు.

అప్పుడు చెల్లి తన ఐటీఐ సారుకి ఫోన్ చేసింది. సిగ్నల్ కోసం గుట్ట దాకా పోయి మాట్లాడింది. ఆయన ఒక్క మాట చెప్పారంట, "ర్యామ్ మొత్తం తీసేసి ఆన్ చెయ్. బోర్డు బతికుంటే అరుస్తుంది."

కంప్యూటర్ ఆన్ అవగానే ముందు తనని తాను పరీక్షించుకుంటుందంట. ఏదైనా లేకపోతే, స్క్రీన్ మీద చూపించే వీలు లేకపోతే, లోపల చిన్న స్పీకర్‌తో బీప్ కొట్టి చెబుతుంది. ఎన్ని బీప్‌లకి ఏ అర్థం అన్నది ఒక్కో కంపెనీకి ఒక్కో లెక్క. కానీ ర్యామ్ లేకుండా అరిచిందంటే అర్థం ఒకటే. ప్రాసెసర్ లేచింది, బోర్డు లేచింది, నా ర్యామ్ ఏదిరా అని అడుగుతోంది. పలక్కపోతే మాత్రం బోర్డు చచ్చినట్టే అనుకోకూడదు, కొన్నింటికి ఆ స్పీకరే ఉండదు. మాదానికి ఉంది.

ర్యామ్ కర్రలు రెండూ తీశాం. స్విచ్చి వేశాం. గదిలో ఎవరూ ఊపిరి తీసుకోలేదు.

పీ... ప్. పీ... ప్. పీ... ప్.

అలా పొడుగ్గా కొడుతూనే ఉంది. మాలో ఒకడు అరిచాడు, ఇంకొకడు ఏడ్చాడు. ఆ టైముకి పడుకున్న వాళ్ళు కూడా ఏమైందేమోనని లేచొచ్చారు. చెడిపోయిన సామాను కూత పెడితే ఇంత సంబరపడే వాళ్ళని ఊరు ఎప్పుడూ చూడలేదు. 6,500 అడిగిన బోర్డు, పోయిందన్న బోర్డు, బతికే ఉంది.

తర్వాత పని తేలికే. నాలుగో తరగతి పిల్లాడి దగ్గర రబ్బరు అడిగి ర్యామ్ కర్రల బంగారు రంగు పళ్ళు మెల్లగా రుద్దాం. పొయ్యి పొగకి, వానాకాలం చెమ్మకి నల్లబడి ఉన్నాయి. రబ్బరు పొట్టు లేకుండా దులిపాం. ఒక కర్ర మీద పెన్సిల్‌తో ఒకటి అని, ఇంకోదాని మీద రెండు అని స్టిక్కర్ వేశాం. ఒకటో కర్ర ఒకటో గాడిలో పెట్టాం, అరుపు. ఒకటో కర్ర రెండో గాడిలో, అరుపు. ప్రతిసారీ ప్లగ్గు పీకడం, బుక్కులో రాయడం. రెండో కర్ర ఒకటో గాడిలో పెట్టాం. ఒక్క చిన్న బీప్, స్క్రీన్ మీద కంపెనీ బొమ్మ!

అంటే చచ్చింది మదర్‌బోర్డు కాదు, ఒక్క ర్యామ్ కర్ర. అది తను పోతూ మిగతావాటిని కూడా లేవనివ్వలేదు.

సంతోషం పది నిమిషాలే. స్క్రీన్ మీద తేదీ 2010 జనవరి 1 అని వచ్చింది. దాని కింద, బూట్ చేయడానికి డిస్క్ ఏదీ దొరకలేదని వచ్చింది.

మా కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. హార్డ్ డిస్క్ పోయిందా? కొండ కాగితాలు, అవ్వ మాట, అన్నీ అందులోనే కదా. ఒకడు ఫోన్లో ఎవర్నో అడిగితే "ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్ళీ వేసేయండి" అన్నారంట. కొందరికి అదీ మంచిదే అనిపించింది, కంప్యూటర్ అయినా నడుస్తుంది కదా అని. వేస్తే ఏమయ్యేదో తెలుసా? పెట్టె బతికేది, కాగితాలు చచ్చేవి. దయచేసి గుర్తుపెట్టుకోండి, డేటా కావాలనుకున్నప్పుడు ఫార్మాట్ అన్న మాట దగ్గరికి కూడా పోకండి.

దాదాపు గంట సేపు ఏడుపు మొహాలతో కూర్చున్నాం. చెల్లి నోటుబుక్కు తిరగేస్తోంది. తిరగేసి తిరగేసి నవ్వడం మొదలెట్టింది. "హార్డ్ డిస్క్ తీగలు పీకాం" అని రాసి ఉంది. "పెట్టాం" అని ఎక్కడా రాసి లేదు.

మేమే పీకి, మేమే మర్చిపోయి, మేమే శోకాలు పెట్టాం. ఆ బుక్కే లేకపోతే ఆ రాత్రి ఏం చేసేవాళ్ళమో ఆలోచిస్తే ఇప్పటికీ భయమేస్తుంది.

మూడో రాత్రి.

తేదీ వెనక్కి పోవడానికి కారణం బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ. సీఆర్ 2032 అంటారు, 3 వోల్టులుండాలి. మాదాంట్లో 2.1 ఉంది. కరెంటు లేనప్పుడు తేదీ, సెట్టింగులు గుర్తుపెట్టుకోవడానికి అది కావాలి. సంతలో గడియారాలు బాగుచేసే మామ దగ్గర 40 రూపాయలకి దొరికింది. అది వేసి, హార్డ్ డిస్క్ తీగలు పెట్టి, ఆన్ చేస్తే విండోస్ గుర్తు వచ్చింది, నీలం తెర మెరిసింది, మళ్ళీ మొదటికి పోయింది. రెండుసార్లు అలాగే. ఐటీఐ సారుకి మళ్ళీ ఫోన్. బ్యాటరీ చచ్చినప్పుడు సెట్టింగులు మొదటికి వచ్చేసి ఉంటాయి, బయాస్‌లోకి పోయి హార్డ్ డిస్క్ సాటా పద్ధతి ఏముందో చూడమన్నారు. ఐడీఈ అని ఉంది. అది బుక్కులో రాసుకుని, ఏహెచ్‌సీఐకి మార్చి, సేవ్ చేసి బయటికొచ్చాం.

విండోస్ వచ్చింది. మెల్లగా, ముసలాయన మంచం దిగినట్టు వచ్చింది. మా ఊరి గెడ్డ ఫోటో డెస్క్‌టాప్ మీద కనిపించింది.

ముందు ఏ ఫైలూ తెరవలేదు. సంతలో బ్యాటరీతో పాటు పెన్ డ్రైవ్‌లు రెండు కొన్నాం, ముందు వాటిలోకి కాపీ. తర్వాత ఫోన్లోకి. తెల్లారి గుట్టెక్కి మెయిల్‌కి పంపాం. అప్పుడు తెరిచాం. తీర్మానం ఉంది. ఫోటోలు ఉన్నాయి. 14 వాంగ్మూలాలూ ఉన్నాయి. అవ్వ కాగితం తెరిస్తే కింద మూల ఆమె వేలిముద్ర. కొంచెం పక్కకి జరిగి, సిరా ఎక్కువై, మసకగా. ఆ రోజు ఆమె "సరిగ్గా పడిందా బాబూ" అని రెండు సార్లు అడిగింది.

పడింది అవ్వా.

టౌనుకి పోయి ప్రింట్లు తీయించాం. అప్పీలు జిల్లా కమిటీకి ఇచ్చాం, ఇంకా 8 రోజులు గడువుండగానే. ముద్ర వేసిన రసీదు తీసుకున్నాం. రసీదు లేకుండా ఏ ఆఫీసు నుంచీ కదలకూడదని పెద్దలు చెప్పారు, కదల్లేదు. అప్పీలు ఇంకా విచారణకి రాలేదు. గెలుస్తామో లేదో చెప్పలేం. గెలవకపోతే ఏం చేయాలో కూడా గ్రామసభలో కూర్చుని మాట్లాడుకుంటాం. కానీ కాగితాలు లేక ఓడిపోయామన్న మాట మాత్రం ఉండదు.

ఇప్పుడు మీకోసం, మేం పడ్డ తిప్పలు మీరు పడకుండా, వరస ఒకచోట రాస్తున్నాం. ఫోన్లో దాచుకోండి.

1. ముందు బయట చూడండి. సాకెట్‌లో వోల్టేజీ, ఎక్స్‌టెన్షన్ బోర్డు, తీగ, ఎస్‌ఎంపీఎస్ వెనక స్విచ్చి, మానిటర్, దాని కేబుల్. ఒక్కొక్కటి మార్చి చూడండి.

2. మూత తీసే ముందు ప్లగ్గు పీకండి, బటన్ నొక్కి పట్టుకోండి, ఇనుము ముట్టుకోండి. ఎస్‌ఎంపీఎస్ డబ్బా విప్పకండి.

3. ఫ్యాన్ అసలు తిరగకపోతే సంగతి కరెంటుది. ఎస్‌ఎంపీఎస్, 24 పిన్నుల ప్లగ్గు, ప్రాసెసర్ పక్కన ఉండే చిన్న పవర్ ప్లగ్గు, బటన్ తీగలు చూడండి.

4. ఫ్యాన్ తిరిగి బొమ్మ రాకపోతే అనవసరమైనవన్నీ పీకండి. ర్యామ్ తీసి బీప్ వినండి. తర్వాత ఒక్కో కర్ర, ఒక్కో గాడి.

5. బోర్డు మీద నిలబడి ఉండే చిన్న డబ్బాల లాంటి కెపాసిటర్ల తలలు ఉబ్బినా, కారినా అప్పుడు బోర్డు జబ్బే. అది తెలిసినవాళ్ళ పని.

6. బొమ్మ వచ్చి తేదీ తప్పుగా ఉంటే బ్యాటరీ. డిస్క్ దొరకలేదంటే ముందు తీగలు చూడండి, తర్వాత బయాస్ చూడండి, భయం ఆఖర్న పెట్టుకోండి.

7. బోర్డు నిజంగా పోయినా మీ కాగితాలు పోయినట్టు కాదు. అవి ఉండేది హార్డ్ డిస్క్‌లో. దాన్ని తీసి ఇంకో కంప్యూటర్‌కి తగిలిస్తే చదువుకోవచ్చు. మాకు ఈ ఒక్క ముక్క ముందే తెలిసుంటే అన్ని రాత్రులు నిద్ర పోగొట్టుకునే వాళ్ళం కాదు. డిస్క్ లోపల టక టక కొట్టుకుంటుంటే మాత్రం వెంటనే ఆపేయండి, ఇంక తిప్పకండి.

8. అన్నింటికంటే ముందు, ఇవాళే కాపీలు తీసి పెట్టుకోండి. పట్టాలు, తీర్మానాలు, కుల ధ్రువపత్రాలు, మార్కుల లిస్టులు, పెద్దల మాటలు. మూడు కాపీలు, అందులో ఒకటి ఊరి బయట. పెన్ డ్రైవ్ పాటలకి ఇవ్వకండి!

మాకైన ఖర్చు బ్యాటరీ 40, పెయింటు బ్రష్షు 30, పెన్ డ్రైవ్‌లు 700. రబ్బరు పిల్లాడిదే, తిరిగిచ్చేశాం. జీపు కిరాయి వేరే, అది మా భయానికి కట్టిన జరిమానా.

ఇంకొక్క మాట చెప్పి ఆపుతాం. మన తాతలు కొండ ఊట నుంచి ఊరిదాకా నీళ్ళు తెచ్చారు. ఏ చెట్టు బెరడు ఏ జబ్బుకో చూసి నేర్చుకున్నారు. వాళ్ళకి ఎవరూ ముట్టుకోవద్దని చెప్పలేదు, అందుకే నేర్చారు. మనకి మాత్రం చిన్నప్పటి నుంచి ఆ మాటే చెప్పారు. తాళం వేసిన గదుల ముందు చేతులు కట్టుకుని నిలబడి, మనకిది రాదు అనుకున్నాం. రాకపోవడం కాదు, మన ముందు ఎవరూ మూత విప్పలేదు, అంతే.

ఇప్పుడు మా ఊళ్ళో నెలకొక ఆదివారం కంప్యూటర్ మూత విప్పుతున్నాం. దుమ్ము దులపడం ఒక వంక, అసలు సంగతి పిల్లలు చూడాలని. చచ్చిపోయిన ర్యామ్ కర్రని కూడా పారేయలేదు, పిల్లలు చేత్తో పట్టుకుని చూడటానికి ఉంచాం. మొన్న ఆ రబ్బరు ఇచ్చిన నాలుగో తరగతి పిల్లాడు దూరంగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఏరా, అక్కడున్నావేం" అంటే "ముట్టుకోవచ్చా అన్నా" అని అడిగాడు.

ప్లగ్గు పీకి చూపించాం. ఇనుము ముట్టుకోమన్నాం. తర్వాత ర్యామ్ తీసి వాడి చేతిలో పెట్టాం. రెండు తప్పులు చేసి మూడోసారి గాడిలో సరిగ్గా కూర్చోబెట్టాడు. పక్కన చిన్న క్లిప్పు టక్కుమని పడింది.

మీ ఊళ్ళో ఆగిపోయిన పెట్టె ఏదైనా ఉంటే, అది ఎక్కడిదాకా వచ్చి ఆగిందో మాకు రాయండి. తెలిసినంత చెబుతాం, తెలియంది కలిసి చూద్దాం.

జోహార్. జై ఆదివాసీ.